కలుపు ఎవరికి? కూర ఎవరికి?

ఈ మధ్య ఒక ఆదివారం పేపరు అనుబంధంలో గంగపాయలాకు మీద పేజీ నిండా రాశారు. పైన రంగుల ఫోటో. గాజు గిన్నె, అందులో నాలుగు రెమ్మలు, పక్కన సగం కోసిన నిమ్మకాయ. ఇందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయట, వాపుల్ని తగ్గించే గుణం ఉందట, చేపల్లో ఉండే ఒమేగా-3 జాతి కొవ్వు కూడా ఉందట. నగరాల్లో సలాడ్ చేసుకుని తింటున్నారట. మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు ఆ పేజీ అంతా పైకి చదివి, కళ్ళజోడు తీసి, "మాస్టారూ, ఈ ఆకు మీరెప్పుడన్నా చూశారా?" అని నన్నడిగాడు. ఆయన మంచివాడే. ఎగతాళికి అడగలేదు. అయినా నాకు వెంటనే జవాబు రాలేదు.

చూశానా? నేను ఆ ఆకు తిని పెరిగినవాణ్ణి. ఆ ఆకు తిన్నందుకు మాటలు పడ్డవాణ్ణి.

పన్నెండేళ్ళప్పుడు, టౌనులో బళ్ళో చేరిన కొత్తలో, మా అమ్మ గంగపాయలాకు, ఎండురొయ్యలు కలిపి వండిన కూర క్యారేజీలో పెట్టి పంపింది. మూత తియ్యగానే పక్కవాడు లేచి అవతల కూర్చున్నాడు. రొయ్యల వాసనకు కాదు. వాళ్ళింట్లోనూ రొయ్యలు వండుతారు. "మా చేలో పీకి పారేసే కలుపురా అది. మీ ఆడోళ్ళు మూటగట్టుకుని పోతారు" అన్నాడు. అప్పట్నుంచి పదో తరగతి అయ్యేదాకా నా పేరు కలుపుగాడు. హాజరుపట్టీలో ఒక పేరు, బళ్ళో ఒక పేరు. ఒక అయ్యవారు కూడా రెండు మూడు సార్లు అదే పేరుతో పిలిచి నవ్వాడు. ఇక ఆ కూర పెట్టొద్దని అమ్మకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగలేదు. మర్నాటి నుంచి పచ్చడి మెతుకులు పెట్టి పంపింది.

ముప్పయ్యేళ్ళు తిరిగేసరికి ఆ కలుపే సూపర్ ఫుడ్ అయి కూచుంది. ఈ మార్పు ఎట్టా జరిగింది, నడుమ ఎవరి చేతులు మాయమైపోయినయ్ అనేదే నేను రాయదలుచుకున్నది.

పల్నాడులో మిరప చేలల్లో, పత్తి చేలల్లో కలుపు తీసేది ఎవరు? నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ళు ఎవరి పొలాల్లోకి పారినా, ఆ పొలాల్లో వంగినవి మాత్రం మన పల్లెల నడుములే. పొద్దు పొడవక ముందే ముఠా బయల్దేరేది. ఒక్కొక్కరికి రెండు సాళ్ళు. చేతిలో దోకుడుపార. గరిక, తుంగ ఒక పక్కకి, గంగపాయలాకు, తోటకూర, పొన్నగంటాకు ఇంకో పక్కకి. మేస్త్రి కేకేస్తున్నా ఆ రెండో కుప్ప మాత్రం తొక్కుడు పడనిచ్చేవాళ్ళు కాదు. పొద్దుగూకి ఇంటికొచ్చేటప్పుడు కూలి డబ్బులు రేపిస్తానన్నా, ఎల్లుండి ఇస్తానన్నా, కొంగులో మూట మాత్రం ఆ పూటదే. అమ్మ కొంగుకి మట్టి వాసన, ఆకు పసరు వాసన కలిసి ఉండేవి. కూలి ఆగిన రోజున కూడా మా పొయ్యి వెలిగిందంటే ఆ మూట వల్లనే.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు ఈ ఆకు అసలు తినరని నేననను. గంగపాయలాకు పప్పు అన్ని కులాల ఇళ్ళలోనూ ఉంది. అంగట్లో కట్టలు కట్టి అమ్ముతారు. అంగట్లో కొంటే అది ఆకుకూర, చేలో ఏరుకుంటే అది కలుపు. ఆకు అదే. కొనుక్కున్న చెయ్యికి ఒక కులం, ఏరుకున్న చెయ్యికి ఒక కులం. అంటరానిది ఆకు కాదు.

పల్నాడు తిండిని ఎగతాళి చెయ్యటం మాత్రం కొత్త కాదు. శ్రీనాథుడు ఈ సీమకొచ్చి జొన్నకూడు తినలేక, నీళ్ళు దొరక్క, మన తిండినీ మన ఊళ్ళనీ ఆడిపోసుకుంటూ చాటువులు చెప్పాడని తెలుగు పంతుళ్ళంతా నవ్వుతూ పాఠం చెప్తారు. ఆ జొన్నల్ని ఇప్పుడు డాక్టర్లు షుగరు ఉన్నవాళ్ళని తినమంటున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. ఇదే సీమలో బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టించాడని, అన్ని కులాలూ ఒక చాప మీద తిన్నాయని, మాల కన్నమదాసు సేనానిగా నిలిచాడని వీరగాథలు చెప్తాయి. మంచిదే, చెప్పుకోదగ్గదే. కానీ ఆ చాప మీద వడ్డించిన కూరేదో, ఏరింది ఎవరో, వండింది ఎవరో ఏ గాథలోనూ నాకు కనపడలేదు.

సరే, ఈ ఆకులో ఏముందో చూద్దాం. మన పత్రికలో సైన్సు సంగతులు తక్కువ వస్తున్నాయని నాకు ఎప్పట్నుంచో బాధ. సైన్సు వాళ్ళ సొత్తు కాదు.

పల్నాటివాళ్ళకు యాంటీ ఆక్సిడెంటు అంటే ఏంటో మిరపకాయతో చెప్తే చాలు. కల్లంలో ఆరబోసిన కొత్త కాయ ఎర్రగా నిగనిగలాడుద్ది. అదే కాయ ఇంట్లో గోతంలో ఏడాది ఉంటే రంగు చచ్చి తెల్లబారుద్ది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకు కట్టారు? రంగు పోతే రేటు పోద్ది గనక. రంగును తినేది గాలిలో ఉన్న ఆక్సిజనే, ఎండా వేడీ దానికి తోడు. ఇనుము తుప్పు పట్టటం, కోసిన వంకాయ నల్లబడటం, పాత నూనె కంపు కొట్టటం, అన్నీ ఆ జాతి పనులే. మన ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. పీల్చిన గాలిని వాడుకుని కణాలు శక్తి తయారు చేసుకునేటప్పుడు కొన్ని ఆకతాయి అణువులు పుడతాయి. అవి పక్కనున్న కొవ్వునీ, ప్రోటీన్లనీ, చివరికి కణం లోపలి డి.ఎన్.ఎ.నీ కొరుకుతాయి. ఎండలో పనిచేసేవాళ్ళ ఒంట్లో, పొగ పీల్చేవాళ్ళ ఒంట్లో, పురుగుమందు పడ్డవాళ్ళ ఒంట్లో ఇవి ఎక్కువ. వాటికి ఎదురు నిలిచి తామే ఆహుతయ్యే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, గ్లూటాథయోన్ వీటిలో కొన్ని.

గ్రీకు మూలాలున్న డాక్టరు ఆర్టెమిస్ సిమోపోలస్ అమెరికాలో ఈ ఆకు మీద పనిచేసింది. 1986లో ఆమె, నార్మన్ సేలం అనే ఆయన కలిసి, నేల మీద పెరిగే ఈ మొక్కలో ఒమేగా-3 జాతి కొవ్వు ఉందని న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో రాశారు. 1992లో ఇంకొంచెం వివరంగా లెక్కలు వచ్చాయి. వంద గ్రాముల పచ్చి ఆకులో ఒమేగా-3 జాతి ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం 300 నుంచి 400 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 12.2 మిల్లీగ్రాములు, విటమిన్ సి 26.6, బీటా కెరోటిన్ 1.9, గ్లూటాథయోన్ 14.8. వీటిలో ఒమేగా-3, విటమిన్ ఇ, విటమిన్ సి, గ్లూటాథయోన్ పాలకూరలో కంటే ఎక్కువ. పాలకూర అంటే మడి కట్టి, నీళ్ళు పెట్టి, ఎరువేసి పెంచేది. గంగపాయలాకు ఎవరూ పెంచకుండా, అందరూ పీకుతుండగా పెరిగేది.

కాడకు ఎరుపు ఎక్కడిదంటే బీటాలెయిన్లు అనే రంగు పదార్థాల వల్ల. బీటుదుంపకు రంగిచ్చేది కూడా ఆ జాతే. అవీ యాంటీ ఆక్సిడెంట్లే. 2005లో చైనా శాస్త్రవేత్తలు ఈ మొక్కలోంచి కొన్ని కొత్త పదార్థాలు వేరుచేసి వాటికి ఒలరేసీన్లు అని పేరు పెట్టారు. మొక్క లాటిన్ పేరు పోర్చులాకా ఒలరేసియా, దాని మీదుగా వచ్చిన పేరు. ఒలరేసియా అంటే వేరే ఏం లేదు, కూరకు పనికొచ్చేది అని. చూడండి, లాటిన్ వాళ్ళు కూడా దాన్ని కూరే అన్నారు, కలుపు అనలేదు.

ఇక వాపుల సంగతి. దెబ్బ తగిలితే వాచటం, ఎర్రబడటం, మంట పుట్టటం ఒంటికి రక్షణే. దెబ్బ మానినా ఆ మంట లోపల్లోపల ఆరకుండా రగులుతూ ఉంటేనే ప్రమాదం. షుగరు, గుండెజబ్బు, కీళ్ళ అరుగుదల, వీటన్నిటి వెనకా ఆ ఆరని మంట ఉందని ఇప్పుడు వైద్యం చెప్తోంది. ఒమేగా-6 జాతి కొవ్వుల నుంచి ఒళ్ళు తయారు చేసుకునే కొన్ని పదార్థాలు ఆ మంటను ఎగదోస్తే, ఒమేగా-3 జాతి కొవ్వుల నుంచి తయారయ్యేవి చల్లారుస్తాయి. అందుకే రెంటికీ తూకం ఉండాలంటారు. పత్తిగింజల నూనె, పొద్దుతిరుగుడు నూనె నిండా ఒమేగా-6. ఒమేగా-3 వాటిలో లేనట్టే. మన పల్లెల్లో కూలి తల్లి ఇంట నూనె ప్యాకెట్టు వచ్చి చేరింది, ఆకు మూట వెళ్ళిపోయింది. తూకం ఎటు వంగిందో మీరే చూడండి.

ఇక్కడ ఒక కోడి కథ ఉంది. అదే సిమోపోలస్ గ్రీసులో ఒక పొలంలో తిరిగే కోళ్ళ గుడ్లను 1989లో పరీక్షించింది. ఆ కోళ్ళు గడ్డి, పురుగులు, అంజూర పండ్లు, ఈ గంగపాయలాకు తిని బతికేవి. అమెరికా అంగడి గుడ్డులో ఒమేగా-6 ఇరవై పాళ్ళుంటే ఒమేగా-3 ఒక పాలు. గ్రీకు కోడి గుడ్డులో ఒకటింబావుకి ఒకటి. మా అమ్మమ్మ పెంటకుప్ప మీద తిరిగే కోళ్ళ ముందు కలుపు మూటలో మిగిలిన పాయల కాడలు వేసేది. మా ఇంట్లో గుడ్డు పసుపు సొన నారింజ పండు రంగులో ఉండేది. పత్రికల్లో రాసుకోవాలని ఆమెకు తెలియదు, అంతే తేడా.

ఇంకో ముచ్చట చెప్పి తీరాలి, దీని గురించే నాకు ఈ వ్యాసం రాయబుద్ధయింది. పులుసు పెట్టాలంటే తెల్లారగట్ల తెంపిన ఆకు కావాలనేది మా అమ్మమ్మ. పప్పులోకైతే సాయంత్రం ఆకు చాలు. "పొద్దున ఆకుకి పులుపు, మాపటి ఆకుకి చప్పిడి" అనేది. చింతపండు కొనలేని రోజుల్లో ఆమె లెక్క అది. నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివేదాకా దాన్ని ముసలమ్మ మాట అనుకున్నాను. నీటెద్దడి వచ్చినప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని నీళ్ళు కాపాడుకుంటుంది, రాత్రి తెరిచి బొగ్గుపులుసు గాలి పీల్చి మేలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లారేసరికి ఆకు నిండా పులుపు. పగలంతా ఆ పులుపును వాడేసుకుంటుంది. సాయంత్రానికి చప్పన. జొన్న, మొక్కజొన్న వాడే సి4 పద్ధతి, ఎడారి మొక్కలు వాడే ఈ రాత్రి పద్ధతి, రెండూ ఒకే మొక్కలో, ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెట్టి ప్రకటించారు. పెద్ద పనే, కాదనను. మా అమ్మమ్మకు కణం తెలియదు. కానీ పులుపు ఏ గంటలో ఉంటదో తెలుసు. ఆమె వేలిముద్ర తప్ప సంతకం పెట్టి ఎరగదు.

అయితే మిత్రులారా, మన ఆకు గనక సర్వరోగ నివారిణి అని మాత్రం నేను చెప్పబోవటం లేదు. అట్లా చెప్పి పొడులు, మాత్రలు అమ్మేవాళ్ళు చాలామంది బయల్దేరారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాలు బోలెడు, మనుషుల మీద చేసినవి తక్కువ. షుగరు ఉన్నవాళ్ళకు గంగపాయల గింజలు ఇచ్చి ఈజిప్టులో, ఇరాన్‌లో పరీక్షించారు. కొంత మేలు కనపడింది గానీ అవి కొద్దిమంది మీద, కొద్ది వారాల పాటు చేసినవి. వాటిని నమ్ముకుని షుగరు మాత్ర మానేస్తే ప్రాణం మీదికొస్తది. ఆకులోని ఒమేగా-3 కూడా ఒంట్లోకెళ్ళాక చేప నూనెలోని రకంగా మారేది కొంచెమే. తిన్న గ్లూటాథయోన్ చాలామటుకు కడుపులోనే జీర్ణమైపోతుంది.

యాంటీ ఆక్సిడెంటు అనే మాటకు మోసపోయిన చరిత్ర కూడా ఉంది. ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగవాళ్ళలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో లెక్క తీస్తే ఆ మాత్రలు మింగినవాళ్ళలో 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో 18 వేలమందితో ఇలాంటి పరీక్షే చేస్తూ 1996లో మధ్యలో ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. ఆకు తిన్నవాడికి జరిగే మేలు ఆకులోంచి ఒక్క ముక్క పీకి మాత్రగా చేస్తే జరగదు.

ఈ ఆకులో ఆక్సలేట్లు కూడా ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు తగ్గించి తినాలి. ఉడికించి నీళ్ళు వార్చేస్తే కొంత పోతాయి. పెరుగుతో కలిపితే పెరుగులోని కాల్షియం ఆక్సలేట్లను పట్టేసుకుంటుందని న్యూజిలాండ్ వాళ్ళు 2009లో చూపించారు. మనవాళ్ళు మజ్జిగలో వేసి కాచేది ఉత్తినే కాదన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. ఐదేళ్ళలోపు పిల్లల్లో 63.2. ఈ అంకెల్ని ఒక ఆకుతో మార్చగలమని ఎవరన్నా అంటే నేను నమ్మను. మాంసం, గుడ్డు, పప్పు, పాలు కొనగలిగే కూలి కావాలి. ఆకు వాటికి తోడు, వాటికి బదులు కాదు. పేదవాడికి ఆకులు మేయమని నీతి చెప్పి పళ్ళెంలోంచి గుడ్డు తీసేసే పెద్దమనుషులు ఈ దేశంలో ఉన్నారు గనక ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు అసలు తగాదాకొస్తాను. ఈ జ్ఞానం ఎవరిది?

1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం వాళ్ళకు పసుపుతో గాయాలు మాన్పటం మీద పేటెంటు వచ్చింది. మన సి.ఎస్.ఐ.ఆర్. వాదించి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేశమంతా పండగ చేసుకుంది. నేనూ సంతోషించాను. కానీ ఎట్టా గెలిచారో చూడండి. సంస్కృత గ్రంథాలు, పాత వైద్య పత్రికల వ్యాసాలు, ఇలాంటి రాతలు చూపించి గెలిచారు. రాసి ఉన్నది మాత్రమే సాక్ష్యం. పిల్లాడి మోకాలికి పసుపు అద్దిన కోట్ల తల్లులు సాక్షులు కారు. తర్వాత 2001లో ప్రభుత్వం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. అందులోకి ఎక్కింది ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలు, యోగ. గంగపాయలాకు సంస్కృతంలో లోణి, యునానీ వైద్యంలో ఖుర్ఫా. ఆ పేర్లతో అది లోపలికెళ్ళింది. గంగపాయల అనే పేరూ, తెల్లారగట్ల పులుపు లెక్కా బయటే నిలబడ్డాయి. వేల ఏళ్ళు మనల్ని అక్షరానికి దూరంగా ఉంచి, ఇప్పుడు అక్షరంలో ఉన్నదే జ్ఞానం అంటున్నారు. ఏకలవ్యుడి బొటనవేలు ఎటు పోయిందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, వాటి వాడకం, తెలిసినవాళ్ళ వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊరి రిజిస్టరు మీరెవరైనా చూశారా? నేను పంచాయతీకి పోయి అడిగితే బీరువా తాళం వెతికారు. రెండోసారి పోతే రిజిస్టరే చూపించారు. వేప, రావి, తులసి ఉన్నాయి. మన కొంగు మూటలోని ఆకు ఒక్కటీ లేదు. రాసినవాళ్ళు మన వీధిలోకి రాలేదని వేరే చెప్పాలా.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లో క్రోడీకరించిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే దేశీయ కంపెనీలు ఇక ఎవరికీ లాభంలో వాటా పంచక్కర్లేదు. అంటే కంపెనీవాడు ఇది లోణి, గ్రంథంలో ఉంది అంటే చాలు, ఆకును ఈనాటిదాకా బతికించుకొచ్చిన చేతులకు పైసా రాదు. గ్రంథంలో లేని జ్ఞానానికి వాటా ఉందట. దాన్ని రాసిపెట్టే రిజిస్టరులో మనం లేము. ముందు తలుపు గ్రంథం మూసింది, వెనక తలుపు పంచాయతీ మూసింది.

దీనికి ఎదురు దారి లేదా అంటే ఉంది. మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర, ఇప్పుడది సంగారెడ్డి జిల్లా, దళిత స్త్రీలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా ఏర్పడి తమ చేలల్లో విత్తకుండా మొలిచే ఆకుల్ని కలుపు అనటం మానేశారు. పంట ఎంత ముఖ్యమో ఇదీ అంతే అన్నారు. కెమెరాలు పట్టుకుని తామే చిత్రాలు తీశారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. వాళ్ళకు ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎకరమో రెండెకరాలో తమదంటూ సాగుచేసుకునే నేల ఉండబట్టి. తన గట్టు మీద ఏం మొలవాలో తను చెప్పగలదు. మన పల్నాడు కూలి తల్లి ఎవరి గట్టు మీద చెప్తుంది?

ఎందుకంటే ఆ గట్టు మీద ఇప్పుడు గడ్డి మందు కొడుతున్నారు. కలుపుకి ముఠాను పిలిస్తే కూలి ఇవ్వాలి, మందు కొడితే ఒక మనిషితో, ఒక పూటతో అయిపోద్ది. రైతు లెక్క రైతుది, కౌలు రైతైతే ఆ లెక్క ఇంకా బిగువు. గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనానికి అనుమతి లేదు, అయినా ఆ విత్తనాన్ని ఆంధ్రప్రదేశ్‌లోనూ సాగు చేస్తున్నట్టు కేంద్రం వేసిన కమిటీయే 2017-18లో తేల్చింది. ఆ చేలో గ్లైఫోసేట్ కొడితే పత్తి తప్ప పచ్చనిదంటూ మిగలదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం అన్నది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో తెగుళ్ళ నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మా ఊరి కాలవ గట్టు మీద పడున్న ఖాళీ డబ్బాలు ఆ ఉత్తర్వు చదవలేదు.

గడ్డి మందు పడని చేలో ఆకు ఉంటది, కానీ మిరపకు పురుగుమందు పడుతూనే ఉంటది. గంగపాయలకు ఒక గుణముంది, నేలలో ఉన్నదాన్ని పీల్చుకుని దాచుకుంటుంది. కాడ్మియం లాంటి లోహాలు, ఉప్పు, నైట్రేటు, ఏదైనా సరే. చెడిన నేలల్ని శుభ్రం చెయ్యటానికి ఈ మొక్కను పనికొస్తుందేమో అని పరిశోధనలు చేస్తున్నారంటే చూడండి. విషానికి విరుగుడనుకునే ఆకు విషాన్ని మోసుకుని మన కంచంలోకి వస్తుంది. పేపరువాడు తినమని రాశాడు. యాడ తెంపుకోవాలో రాయలేదు. పోయిన వానాకాలం మా అమ్మ చేలకెళ్ళి ఖాళీ కొంగుతో వచ్చింది. "ఉంది గానీ తేలేదురా, ఆకు మీద తెల్లటి చుక్కలున్నయ్" అంది. డెబ్భై దాటిన మనిషి. ఆ చుక్కలు మందువని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సలాడ్ తినేవాళ్ళ మీద నాకు కోపం లేదు, తిననివ్వండి. మా ఊళ్ళో మేము నాలుగు పనులు పెట్టుకున్నాం. పంచాయతీ రిజిస్టరు తెరిచి మన పల్లెల ఆకుల పేర్లు, వాడకం, చెప్పినవాళ్ళ పేర్లు ఎక్కించాలని గ్రామసభలో రాతపూర్వకంగా అడుగుతున్నాం. ఊరి పోరంబోకులో, చెరువు గట్టు మీద, శ్మశానం చుట్టూ గడ్డి మందు కొట్టకూడదని తీర్మానం కావాలంటున్నాం. 1977 అసైన్డ్ భూముల చట్టం కింద పట్టాలున్నా పెద్దల సాగులో ఉన్న మన భూముల సర్వే నంబర్లు రాసి దరఖాస్తు పెట్టాం. దానికి ఇంకా జవాబు రాలేదు, రేపు వస్తుందని నేనూ అనుకోవటం లేదు. బళ్ళో మాత్రం నా చేతిలో ఉన్న పని మొదలుపెట్టాను. పంపు కింద నీళ్ళు పారేచోట రెండు మడులు చేశాం, మందు పడని మట్టి అది. వండే అక్కలు ఒప్పుకున్నారు. వారానికొకసారి పప్పులో ఆ ఆకు పడుతోంది, గుడ్డు మాత్రం గుడ్డే, దానికి బదులు కాదు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంటికెళ్ళి నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని అడిగి కూరాకుల పేర్లు రాసుకు రమ్మన్నాను. ముప్పై ఒకటి వచ్చాయి. వాటిలో తొమ్మిది నాకే తెలియవు. ఒక పిల్ల పొద్దున తెంపిందీ, సాయంత్రం తెంపిందీ రెండు రెమ్మలు పట్టుకొచ్చి క్లాసులో అందరికీ తలా ఆకు నమలమని ఇచ్చింది. నీలి లిట్మస్ కాగితం తీసి ఇద్దరు పిల్లలు పరీక్షించారు.

మీ ఊళ్ళల్లో కూడా ఇట్టా రాయించి పత్రిక చిరునామాకు పంపండి. ఆకు పేరు మీ వాడలో పిలిచే పేరే రాయండి, ఏ చేలో ఏ నెలలో దొరుకుద్దో, దేనితో వండుతారో, చెప్పినావిడ పేరేంటో, ఆవిడ ఒప్పుకుంటేనే, రాయండి. ఇప్పుడు అక్కడ దొరకటం లేదనుకుంటే ఏ సంవత్సరం నుంచి దొరకటం లేదో అది కూడా.